ఒకే డిస్కులో రెండు పోర్షన్లు

మా నాన్నగారు ఇరవై ఏళ్లకు పైగా నడిపిన డీటీపీ సెంటరు మూతపడి చాలాకాలమైంది. అయినా ఆయన చేతిమీదుగా తయారైన పెళ్లి శుభలేఖలు, భజన పాటల పుస్తకాలు, దేవస్థానాల కరపత్రాలు, పదవీ విరమణ సంచికలు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఫైళ్ల రూపంలో ఇప్పటికీ మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. అవన్నీ అను ఫాంట్లలో కూర్చినవి. ప్రతి భాష అక్షరానికీ విడి సంఖ్య కేటాయించిన యూనికోడ్‌కు ముందుతరానికి చెందిన ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో అమర్చారు కాబట్టి, ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే వధూవరుల పేర్లకు బదులు అర్థంపర్థం లేని రోమన్ గుర్తుల వరుస కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన ఏడవ వెర్షనే చివరిది, మా దగ్గరున్న కాపీ విండోస్ మీద మాత్రమే నడుస్తుంది. ఎప్పుడో శుభలేఖ వేయించుకున్నవారు మనవరాలి పెళ్లికీ అదే నమూనా కావాలని వచ్చినప్పుడు నాన్నగారికి విండోస్ కావాలి. ప్రోగ్రామింగ్ పని చేసుకునే నాకు లినక్స్ కావాలి. ఇంట్లో ఉన్నదేమో ఒక్కటే ల్యాప్‌టాప్.

రెండు సిస్టమ్‌లను ఒకే యంత్రంలో విడివిడిగా ఉంచి, తెరిచేటప్పుడు ఏది కావాలో ఎంచుకునే ఈ డ్యూయల్ బూట్ పద్ధతి అందరికీ అవసరమని నేను అనను. 16 జీబీ ర్యామ్ ఉండి, రెండో సిస్టమ్‌తో అప్పుడప్పుడు మాత్రమే పని పడేవారికి ఒక సిస్టమ్ లోపలే మరొకదానిని నడిపించే వర్చువల్ మెషీన్ మేలు. లినక్స్ ఆదేశాలు నేర్చుకోవడమే లక్ష్యమైతే విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యుఎస్ఎల్ అనే సౌకర్యం ఉంది. 2020లో కొన్న మా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ ర్యామ్. అందులో సగం వర్చువల్ మెషీన్‌కు ఇస్తే మిగిలిన సగంతో రెండు వైపులా నత్తనడకే అవుతుంది కాబట్టి, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో ఉచిత భద్రతా మద్దతు ముగిసి, మేము విండోస్ 11కు మారినప్పుడే దాని పక్కన లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 24.04ను కూడా చేర్చాలని నిర్ణయించుకున్నాను.

ఈ పని నాకు కొత్త కాదు, కానీ మొదటిసారి చేసినప్పుడు తగిలిన దెబ్బ ఇంకా గుర్తుంది. 2008లో నేను ఇంజినీరింగ్ చదువుతుండగా, కోరినవారికి ఉబుంటు సీడీలను రూపాయి ఖర్చు లేకుండా పోస్టులో పంపే షిప్‌ఇట్ అనే ఏర్పాటు ఉండేది. అలా వచ్చిన 8.04 సీడీతో నాన్నగారి ఎక్స్‌పీ కంప్యూటర్‌లో లినక్స్ వేసి, రెండు నెలలకు స్థలం చాలక, విండోస్‌లోకి వెళ్లి లినక్స్ పార్టిషన్‌ను (డిస్కులో దానికి వేరుచేసిన భాగాన్ని) నిశ్చింతగా తొలగించాను. మళ్లీ ఆన్ చేస్తే నల్లని తెర మీద ‘ఎర్రర్ 22’ అన్న ఒకే ఒక్క మాట కనిపించింది. ఆన్ కాగానే మొదట బయోస్ అనే ప్రోగ్రాము నడిచే ఆ కాలపు యంత్రాల్లో డిస్కు మొట్టమొదటి సెక్టార్‌లోని 512 బైట్లలోనే సిస్టమ్‌ను తెరిచే బూట్ కోడ్ ఉండేది. చివరగా వచ్చిన సిస్టమ్ దానిని తన పేరిట రాసుకునేది. నేను తొలగించినది లినక్స్‌నే అయినా, మొదటి సెక్టార్‌లో మిగిలిపోయిన గ్రబ్ (లినక్స్ వైపు సిస్టమ్‌లను తెరిచే ప్రోగ్రాము) ముక్క తన మిగతా భాగం కోసం లేని పార్టిషన్‌లో వెతుకుతూ ఆగిపోయింది. విండోస్ చెక్కుచెదరకుండా ఉంది, కానీ దాని దగ్గరికి వెళ్లే దారి లేదు. ఎక్స్‌పీ సీడీ అరువు తెచ్చి రికవరీ కన్సోల్‌లో ఆ సెక్టార్‌ను తిరగరాసేవరకు రెండు రోజులు సెంటరులో పని ఆగింది. నాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనకపోవడమే ఎక్కువ బాధ కలిగించింది.

ఇప్పటి యంత్రాల్లో ఆ ఒక్క సెక్టార్ కోసం పోటీ లేదు. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ, జీపీటీ పద్ధతిలో విభజించిన డిస్కులో ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్‌ను చూస్తుంది. ఫ్యాట్32 అనే ఫైళ్ల అమరికలో ఉండే ఆ పార్టిషన్‌లో మైక్రోసాఫ్ట్‌కు ఒక ఫోల్డర్, ఉబుంటుకు ఒక ఫోల్డర్ పక్కపక్కనే ఇమిడిపోతాయి, వాటిలో ఏది ముందు తెరవాలన్న వరుస మదర్‌బోర్డు జ్ఞాపకంలో నమోదై ఉంటుంది. ఒకే గేటు ఉన్న ఇంట్లో రెండు పోర్షన్ల వాళ్లు కాపురముంటున్నట్టే. నా అనుభవంలో తగాదాలన్నీ గదుల లోపల పుట్టినవి కావు. గేటు, కొళాయి, కరెంటు మీటరు వంటి ఉమ్మడి చోట్లలో పుట్టినవే. డ్యూయల్ బూట్‌లో ఆ ఉమ్మడి చోట్లు ఈఎస్‌పీ, రెండు వైపుల నుంచీ వాడుకునే డేటా పార్టిషన్, గడియారం. రెండు సిస్టమ్‌లలో ప్రతిదీ యంత్రమంతా తనదేనన్న నమ్మకంతో రాసినదే కాబట్టి, ఆ మూడు చోట్ల ఏర్పాటును మనమే చూసుకోవాలి.

మొదట చేసిన పని నాన్నగారి ఫైళ్లన్నిటినీ బయటి హార్డ్‌డిస్కుకు కాపీ చేసి, ఆ కాపీని మరో కంప్యూటర్‌లో తెరిచి చూడటం. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అని నేను అనుకోను. రెండవది, సెట్టింగ్స్‌లో డివైజ్ ఎన్‌క్రిప్షన్ అన్న చోటికి వెళ్లి చూడటం. విండోస్ 11లో, ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ప్రవేశించిన యంత్రాల్లో, డిస్కు మనకు తెలియకుండానే బిట్‌లాకర్ అనే విండోస్ ఎన్‌క్రిప్షన్‌తో తాళం పడి ఉండవచ్చు. బూట్ వరుసనో నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రాములనే తెరవనిచ్చే సెక్యూర్ బూట్ అమరికనో మార్చిన మరుక్షణం, యంత్రాన్ని ఎవరో కదిలించారని అనుమానించి, నీలిరంగు తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుందన్నది నిజమే గాని, ఉన్న ఒక్క కంప్యూటరూ ఆ తెర దగ్గరే ఆగిపోయినప్పుడు ఖాతా సంకేతపదం కోసం వెతుక్కోవడం కంటే, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ముందే కాగితం మీద రాసుకోవడం తేలిక. ఆ కాగితం మా ఇంటి బీరువాలో ఇన్సూరెన్స్ పత్రాల పక్కన ఉంది. తరువాత, లినక్స్ ఎక్కించే ఒక్క పూట కోసం ఎన్‌క్రిప్షన్‌ను ఆపివేశాను.

సీ డ్రైవ్‌లో 160 జీబీ ఖాళీగా ఉండగా, లినక్స్‌కు 100 జీబీ కావాలని డిస్క్ మేనేజ్‌మెంట్‌ను అడిగితే 38 జీబీకి మించి ఇవ్వలేనంది. ఖాళీ ఎంత ఉన్నా, కదపడానికి వీల్లేని ఫైలు ఎక్కడ కూర్చుని ఉంటే పార్టిషన్‌ను అక్కడివరకే కుదించగలం. నిద్రాణస్థితి (హైబర్నేషన్) ఫైలు, ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు అలాంటివే. హైబర్నేషన్‌ను, సిస్టమ్ ప్రొటెక్షన్‌ను, పేజ్ ఫైలును తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ అడిగాక కావలసిన జాగా దొరికింది. ఆ చిన్న కిటికీలో అడిగే అంకె కుదించవలసిన పరిమాణమే గాని మిగల్చవలసిన పరిమాణం కాదన్నది, అదీ మెగాబైట్లలో అన్నది, తొందరలో చదివేవారు పొరబడే చోటు. 100 జీబీకి 102400 అని రాయాలి. ఈ కుదింపును విండోస్ చేతనే చేయించాలి, లినక్స్ ఇన్‌స్టాలర్‌కు వదలకూడదు. తన ఇంటి గోడ ఎక్కడ జరపవచ్చో విండోస్‌కే బాగా తెలుసు. పని పూర్తయ్యాక పేజ్ ఫైలును, సిస్టమ్ ప్రొటెక్షన్‌ను తిరిగి పెట్టాను గాని హైబర్నేషన్‌ను పెట్టలేదు. దానికి వేరే కారణం ఉంది.

విండోస్ 8 కాలం నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూసుకుపోతాయి గాని, విండోస్ కెర్నల్ (గుండెకాయ భాగం) మాత్రం నిజంగా ఆగిపోకుండా తన స్థితిని డిస్కులో రాసుకుని నిద్రపోతుంది; మర్నాడు త్వరగా లేవడం కోసం ఈ ఉపాయం. విచిత్రమేమిటంటే, రీస్టార్ట్ నొక్కితే పూర్తిగా ఆగి మొదలవుతుంది, షట్‌డౌన్ నొక్కితే ఆగదు. ఒంటరిగా ఉన్న విండోస్‌కు ఇది మంచిదే. కానీ అది నిద్రలో ఉండగా లినక్స్ వచ్చి అదే డీ డ్రైవ్‌లో ఫైళ్లు మారిస్తే, మేలుకున్న విండోస్ తన జ్ఞాపకంలో ఉన్న పాత పట్టికనే నమ్మి దాని మీద రాస్తుంది, అప్పుడు రెండు వైపులా రాసినవీ పాడవుతాయి. అందుకే నిద్రలో ఉన్న ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్ల అమరిక) పార్టిషన్‌ను లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా తెరవనే తెరవదు. ఆ నిద్ర ఫైలును లినక్స్ వైపు నుంచి బలవంతంగా తొలగించే ఉపాయం ఇంటర్నెట్‌లో విరివిగా దొరుకుతుంది. ఇతరుల ఫైళ్లున్న డిస్కు మీద దానిని ప్రయోగించకండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పవర్ బటన్ల పని నిర్ణయించే చోట ఫాస్ట్ స్టార్టప్ గడిలోని టిక్కు తీసేయడమే అసలైన మందు. హైబర్నేషన్‌ను మొత్తంగా ఆపివేస్తే ఇదీ దానితోపాటే పోతుంది. ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రంలో దీనివల్ల నష్టపోయేది కొన్ని సెకన్లే.

ఇన్‌స్టాలేషన్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఉబుంటు 24.04 ఫైలు దాదాపు 6 జీబీ ఉంటుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది, దానిని రూఫస్ వంటి సాధనంతో తయారుచేసుకోవచ్చు. ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటును నడిపి వైఫై, ధ్వని, టచ్‌ప్యాడ్ పని చేస్తున్నాయో లేదో అరగంట పరీక్షించాను. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ అమరిక ఇంటెల్ సొంత పద్ధతి ఆర్ఎస్‌టీలో ఉంటే ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనిపించదు. దానిని ఉన్నపళంగా సాధారణ పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చితే విండోస్ నీలితెరతో కూలబడుతుంది కాబట్టి, ముందుగా విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా నిర్ణయించి, మార్పు చేసి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వచ్చాక మామూలుకు తేవాలి. మా యంత్రంలో ఆ అవసరం రాలేదు.

నేను నెమ్మదిగా, రెండుసార్లు చదువుకుంటూ దాటినది డిస్కు ఎంపిక తెర ఒక్కటే. డిస్కు మొత్తం చెరిపివేసే ఎంపిక, విండోస్ పక్కన పెట్టే ఎంపిక, మనమే నిర్ణయించే ఎంపిక అక్కడ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. నేను మూడవది ఎంచుకుని, ఖాళీగా ఉంచిన 100 జీబీని లినక్స్ వాడే ఎక్స్‌టీ4 అమరికలో ఒకే పార్టిషన్‌గా రూట్‌కు, అంటే సిస్టమ్ మొత్తానికి, ఇచ్చాను. సొంత ఫైళ్లుండే హోమ్‌ను వేరు చేయాలని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు గాని, ఇంత చిన్న జాగాలో అడ్డుగోడ కడితే ఏదో ఒకవైపు ముందుగా నిండిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కు కూడా ప్రత్యేక పార్టిషన్ అవసరం లేదు, ఉబుంటు ఫైలుగా పెట్టుకుంటుంది. ఈఎస్‌పీ విషయంలో మాత్రం, విండోస్ సృష్టించిన 100 ఎంబీ పార్టిషన్‌నే ఎంచి, ఫార్మాట్ చేయవద్దని నిర్ధారించుకున్నాను. ఉబుంటు బూట్ ఫైళ్లు అందులో కొద్ది మెగాబైట్లకు మించి తీసుకోవు. ఫార్మాట్ అన్న ఆ ఒక్క టిక్కు పొరపాటున పడితే సీ డ్రైవ్ అంతా పదిలంగా ఉన్నా విండోస్ తెరుచుకోదు. 2008లో జరిగినది సరిగ్గా అదే, పేరు మాత్రం మారింది.

సెక్యూర్ బూట్‌ను ఆపివేయమని పాత సలహాలు చెబుతాయి. ఇప్పుడు అక్కరలేదు. ఉబుంటు మొదట తెరిచే షిమ్ అనే చిన్న ప్రోగ్రాముకు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి యూఈఎఫ్ఐ దానిని లోపలికి రానిస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకో వైఫైకో బయటి డ్రైవర్ ఎక్కించుకునేవారికి మాత్రం, ఇన్‌స్టాలర్ ఒక సంకేతపదం పెట్టించి, తరువాతి రీస్టార్ట్‌లో నీలితెర మీద ఆ పదంతో డ్రైవర్ సంతకపు కీని నమోదు చేయమంటుంది. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది. ఏదో వచ్చి పోయిందిలే అనుకుని ముందుకు వెళ్లినవారే తరువాత వైఫై పని చేయడం లేదని తలపట్టుకుంటారు. ఈ సంతకాల వ్యవస్థ వల్లనే 2024 ఆగస్టులో పెద్ద అలజడి రేగింది. గ్రబ్‌లో బయటపడిన పాత భద్రతా లోపాన్ని మూయడానికి విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన, లోపాలున్న పాత బూట్ ప్రోగ్రాములను అడ్డుకునే ఎస్‌బాట్ జాబితా, డ్యూయల్ బూట్ యంత్రాలకు వర్తించదని ముందుగా ప్రకటించినా చాలా యంత్రాల్లో అమలైపోయి, లినక్స్ ఎంచుకోగానే భద్రతా విధానం ఉల్లంఘన అన్న సందేశంతో ఆగిపోయేలా చేసింది. సెక్యూర్ బూట్‌ను కాసేపు ఆపి, లినక్స్‌లోకి వెళ్లి ఆ జాబితాను తొలగించి, మళ్లీ ఆన్ చేయడంతో చాలామంది బయటపడ్డారు. పూర్తి పరిష్కారం 2025 మే నెల అప్‌డేట్‌తో గాని రాలేదు. నేను ఆ తరువాత పెట్టుకున్నాను కాబట్టి ఆ బాధ తప్పింది.

గడియారం బాధ మాత్రం తప్పలేదు. నేను రాత్రి ఉబుంటులో పని ముగించి మూసిన కంప్యూటర్‌ను మర్నాడు ఉదయం 9 గంటలకు నాన్నగారు విండోస్‌లో తెరిస్తే, గడియారం తెల్లవారుజామున 3 గంటల 30 నిమిషాలు చూపించింది. “లోపల సెల్ అయిపోయినట్టుందిరా, మార్పించు” అన్నారు. అయిపోవచ్చిన సెల్ అయితే ఎంతో కొంత అడ్డదిడ్డంగా వెనకబడాలి గాని, ఐదున్నర గంటలు నిమిషం తేడా లేకుండా వెనకబడదు. అది మన దేశపు టైమ్‌జోన్ వేలిముద్ర. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ నమ్ముతుంది, డాస్ కాలం నుంచి వచ్చిన ఆనవాయితీ అది. అందులో ఉన్నది విశ్వసమయమని (యూటీసీ, మనకంటే ఐదున్నర గంటలు వెనక) నమ్మే లినక్స్, ఇంటర్నెట్‌తో సరిచూసుకున్న ప్రతిసారీ అలాగే రాసిపెడుతుంది. దీనికి రెండు పరిష్కారాలున్నాయి. లినక్స్‌ను స్థానిక సమయం వాడమనడం ఒకటి, అది టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశంతో ఒక్క వాక్యంలో అయిపోతుంది. విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అన్న విలువను 1గా చేర్చి దానినే విశ్వసమయానికి మార్చడం మరొకటి. మొదటి పద్ధతి వాడితే లినక్స్ హెచ్చరిస్తుంది, ఏడాదికి రెండుసార్లు గడియారం గంట జరిపే దేశాల్లో చిక్కులొస్తాయని. మన దగ్గర అలా జరిపే ఆచారం లేదు కాబట్టి నేను మొదటి పద్ధతితోనే సరిపెట్టుకున్నాను. అమెరికాలో ఉంటున్న మా తమ్ముడికి మాత్రం రెండవదే చేయమని చెప్పాను.

మిగిలింది ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూ. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, డిస్కులో వేరే సిస్టమ్‌లు ఉన్నాయేమో వెతికే ఓఎస్-ప్రోబర్ అనే భాగం మామూలుగా ఆగి ఉంటుంది. మెనూలో విండోస్ కనిపించనివారు గ్రబ్ అమరికల ఫైలులో దానికి అనుమతినిచ్చి, మెనూను తాజాపరిస్తే సరిపోతుంది. విండోస్ పెద్ద అప్‌డేట్ తరువాత ఎప్పుడైనా గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటే కంగారుపడి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. ఉబుంటు ఎక్కడికీ పోలేదు, వరుసలో వెనక్కి జరిగిందంతే. యూఈఎఫ్ఐ సెట్టింగ్‌లలోకి వెళ్లి ముందుకు జరపాలి. ఉబుంటును ఎప్పుడైనా తొలగించదలిస్తే కూడా ఇదే చోట విండోస్ బూట్ మేనేజర్‌ను ముందుకు తెచ్చి, అది నేరుగా తెరుచుకుంటోందని చూసుకున్నాకే పార్టిషన్‌ను తీసేయాలి. ఈఎస్‌పీలో మిగిలే గ్రబ్ కూడా తన మిగతా భాగాన్ని ఆ పార్టిషన్‌లోనే వెతుక్కుంటుంది.

మెనూలో మొదటి వరుస ఉబుంటుది. మొదటి వారం నాన్నగారు కళ్లద్దాల కోసం వెతుక్కునేలోగా పది సెకన్లు అయిపోయి, ఆయనకు పరిచయం లేని తెర ప్రత్యక్షమయ్యేది. చివరిసారి వాడిన దానినే మళ్లీ తెరవమని గ్రబ్‌కు చెప్పే వీలుంది గాని, చివరగా వాడేది సాధారణంగా నేనే కాబట్టి అది ఆయనకు పనికిరాదు. అందుకని విండోస్‌ను మామూలు ఎంపికగా ఉంచి, వ్యవధిని ముప్పై సెకన్లకు పెంచాను. కావలసినప్పుడు బాణం మీట నొక్కే శ్రమ నాది. కీబోర్డు విషయంలోనూ మా దారులు వేరే. ఆయన వేళ్లకు అలవాటైనది డీటీపీ వాళ్ల యాపిల్ అమరిక, నాది భారతీయ భాషల ప్రామాణిక అమరిక ఇన్‌స్క్రిప్ట్. ఇన్‌స్క్రిప్ట్ రెండు సిస్టమ్‌లలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఏ పోర్షన్‌లో కూర్చున్నా నా చేతులకు తేడా తెలియదు.

ఆయన ఫైళ్లున్న డీ డ్రైవ్‌ను ఉబుంటు తెరుచుకోగానే చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంట్ చేసి పెట్టాను. రెండు వైపుల నుంచీ రాయవలసినవి ఏమైనా ఉంటే వాటికోసం 20 జీబీల చిన్న పార్టిషన్‌ను ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే వేరుగా ఉంచాను. రెండు సిస్టమ్‌లూ చదవగల మరో అమరిక ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నలింగ్, అంటే చేయబోయే మార్పులను ముందే నమోదు చేసుకునే ఏర్పాటు, లేదు; కరెంటు పోయి బ్యాటరీ కూడా చేతులెత్తేసిన రోజున ఆ తేడా తెలుస్తుంది. బిట్‌లాకర్‌ను సీ డ్రైవ్‌కు మళ్లీ ఆన్ చేసినప్పుడు కొత్త 48 అంకెల కీ వచ్చింది. బీరువాలోని పాత కాగితం చించేసి కొత్తది రాస్తుంటే, నాన్నగారు పక్కనే కూర్చుని ఒక్కో గుంపునూ బిగ్గరగా చదివి సరిచూశారు. ప్రూఫులు దిద్దిన అలవాటు కదా, ఐదవ గుంపులో నేను తారుమారు చేసిన రెండు అంకెలను పట్టుకున్నారు.